మద్దేడులో తెరుచుకోని పుట

సభాభవనం వాకిట్లో పేర్లు నమోదు చేసుకుంటున్న యువకుడు ఒక్క క్షణం ఆగి, "మద్దేడు అంటే ఎక్కడండీ? మెదక్ జిల్లాలోనా?" అని అడిగాడు. మెడలో వేసుకొనే బిళ్ళమీద పేరు, పనిచేసే సంస్థ, స్వగ్రామం రాయాలి. స్వగ్రామం అన్నచోట హైదరాబాదు అని రాసి ఊరుకుంటే సరిపోయేది. కాని ఆ అమ్మాయి తన ఊరి పేరే రాసింది. "కాదండీ, బస్తర్‌లో" అన్నది. అతడు మరింత అయోమయంగా చూశాడు. వెనుక వరుసలో ఉన్నవారు తొందరపడుతున్నారు. ఆమె బిళ్ళ తీసుకొని ముందుకు కదిలింది.

అది 2018వ సంవత్సరం. వర్షాలు వెనుకబట్టిన రోజులు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ నిర్మాతల సమ్మేళనం ఒకటి రెండు రోజులపాటు జరుగుతున్నది. ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే ఒక చిన్న సంస్థనుంచి నలుగురు సభ్యుల బృందం దానికి హాజరయింది. బృందానికి పెద్ద నలభై యేళ్ళు దాటిన మనిషి. ఇద్దరు కుర్రవాళ్ళు. నాలుగవ మనిషి ఈ అమ్మాయి. వయస్సు ఇరవై నాలుగు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఇటువంటి సభకు రావటం ఇదే మొదటిసారి.

మద్దేడు ఎక్కడున్నదో హైదరాబాదులో చాలామందికి తెలియకపోవటంలో ఆశ్చర్యం లేదు. గోదావరికి ఆవల, ఇంద్రావతికి ఈవల, భోపాలపట్నం నుంచి బిజాపూర్‌కు పోయే రహదారిమీద ఉన్న ఊరది. పాలన ఛత్తీస్‌గఢ్‌ది. 2007లో పాత దంతెవాడ జిల్లాను విడదీసినప్పుడు ఆ ప్రాంతం బిజాపూర్ జిల్లాలో చేరింది. ఒక పక్క నది దాటితే తెలంగాణ, మరొక పక్క నది దాటితే మహారాష్ట్ర. అక్కడి బజారులో తెలుగు, గోండీ, హల్బీ, హిందీ నాలుగూ వినిపిస్తాయి. ఎండాకాలం వస్తే ఊళ్ళకు ఊళ్ళు తునికాకు సేకరణకు అడవికి కదులుతాయి.

ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో చదివింది హిందీ. పన్నెండవ తరగతి దాకా ఆమెకు తెలుగు అక్షరాలు రావు. వరంగల్లులో ఇంజనీరింగులో చేరిన తరువాత, బస్సుల మీద రాసి ఉన్న ఊళ్ళ పేర్లను కూడబలుక్కొని చదువుతూ అక్షరాలు నేర్చుకొన్నది. ములుగు, ఏటూరునాగారం, మంగపేట — ఇవీ ఆమె తొలి పాఠాలు. తండ్రికి రోడ్డు పక్కన చిన్న కిరాణా దుకాణం. ఆయన నోటికి తెలుగు, చేతికి హిందీ.

*

సాఫ్ట్‌వేర్ నిర్మాతలు ఒకచోట గుమిగూడి మాట్లాడుకోవలసిన అవసరం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. వారి పని అంతా యంత్రం ముందు కూర్చొని చేసేదే కదా! నిజానికి ఈ రంగంలో పెద్ద మలుపులు చాలావరకు సభలలోనే వెలుగుచూశాయి. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో జరిగిన సమావేశం "సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు" అనే మాటను లోకంలోకి తెచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు తొంభై నిమిషాల ప్రదర్శనలో, చేతితో జరిపే "మౌస్"ను, ఒక మాటను ముట్టుకుంటే మరొక కాగితం తెరుచుకొనే విధానాన్ని వేదికమీద చేసి చూపించాడు.

అన్నిటికంటె ముచ్చటైన ఉదంతం 1991 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో జరిగింది. ఆనాటి సభకు టిమ్ బెర్నర్స్-లీ, రాబర్ట్ కాయో అనే ఇద్దరు జెనీవా నుంచి వచ్చారు. తాము తయారుచేసిన "వరల్డ్ వైడ్ వెబ్"ను గురించి వారు పంపిన పత్రాన్ని నిర్వాహకులు తిరస్కరించారు. ప్రసంగానికి తావు లేదు, కావాలంటే ఒక బల్లమీద పెట్టి చూపించుకోవచ్చునన్నారు. తీరా వచ్చి చూస్తే అక్కడ ఇంటర్నెట్ లేదు. టెలిఫోను తీగ లాగించుకొని, ఊరిలోని విశ్వవిద్యాలయం ద్వారా తంటాలుపడి జెనీవాలోని కంప్యూటరును అందుకోవలసివచ్చింది. రెండేళ్ళు గడిచేసరికి, అదే సభా పరంపరలో జరిగిన తరువాతి సమావేశంలో ఏ బల్ల దగ్గర చూసినా వెబ్‌కు సంబంధించిన ప్రదర్శనలే కనిపించాయి. వేదికమీద చోటు దొరకనిది పక్క బల్లమీదినుంచి ప్రపంచాన్ని ఆక్రమించింది.

మన దేశంలో కూడ ఇటువంటి సభలకు ఒక చరిత్ర ఏర్పడింది. పైథాన్ అనే కంప్యూటరు భాషను వాడేవారి జాతీయ సమ్మేళనం "పైకాన్ ఇండియా" 2009లో బెంగుళూరులో మొదలై, 2018లో హైదరాబాదుకు వచ్చింది. తెలుగు మాటకు వస్తే, అంతర్జాతీయ తెలుగు అంతర్జాల సదస్సు 2011లో కాలిఫోర్నియాలోను, 2012లో హైదరాబాదులోను జరిగింది. సిలికానాంధ్ర, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి జరిపిన ఆ కృషి ఫలితంగా ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన కొత్త తెలుగు ఖతులు వెలువడ్డాయి.

ఈ సభలకు తరచు పోయేవారు ఒక రహస్యం చెబుతారు. ప్రసంగాలు ఇంటికి వెళ్ళిన తరువాత కూడ వినవచ్చు. వరండాలో కాఫీ కప్పుతో నిలబడినప్పుడు ఎదుటివాడు చెప్పే మాట మాత్రం మళ్ళీ దొరకదు.

*

ఆ రోజు ఉదయం ప్రసంగాలలో బృందాన్ని బాగా ఆకట్టుకొన్నది ఒక అక్షరం కథ. ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రపంచమంతా గగ్గోలు పుట్టించిన అక్షరం అది. "జ్ఞా" అనే తెలుగు అక్షరాన్ని, నడుమ కంటికి కనిపించని ఒక సంకేతం చొరబడిన రూపంలో, ఐఫోనుకు సందేశంగా పంపితే చాలు, ఆ సందేశాన్ని చూపించబోయిన సాధనం కుప్పకూలేది. తెలుగు ఎరగనివారి ఫోన్లు కూడ తెలుగు అక్షరం దెబ్బకు మూతపడ్డాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది.

వక్త దాని మర్మం విడమరచి చెప్పాడు. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కూర్చుంటాయి. తెలుగు అక్షరాలు ఒకదాని కింద ఒకటి చేరి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కంటికి "జ్ఞా" ఒక్కటే అక్షరం. యంత్రానికి అది నాలుగు సంకేతాలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఎవరో ఎక్కడో కూర్చొని, అక్షరాలన్నీ తమ ఊరి అక్షరాలవలెనే ఉంటాయని తలచి రాసిన నాలుగు పంక్తులు చాలు, కోట్ల ఫోన్లను పడగొట్టడానికి. "తెలియనివాడిని ఊహించుకోలేకపోవటమే మన వృత్తిలో పెద్ద లోపం" అని అతడు ముగించాడు. చప్పట్లు మోగాయి. బృందం పెద్ద ఆ మాటను చిన్న పుస్తకంలో రాసుకొన్నాడు.

అమ్మాయి కూడ చప్పట్లు కొట్టింది. అప్పటికి ఆ మాట తనకే తగులుతుందని ఆమె అనుకోలేదు.

*

మధ్యాహ్న భోజనానికి లేచేసరికి ఫోనులో నాలుగు పిలుపులు వచ్చి ఉన్నాయి. నాలుగూ తండ్రివే. ఆమె కంగారుగా తిరిగి పిలిచింది. ఆయన గొంతు తెగుతూ, అతుకుతూ వినిపించింది.

"ఏం లేదు బిడ్డా. అమ్మకు మళ్ళ వరంగల్లు పోవాలె గద. దవాఖానల నంబరు ఫోనులనే పెట్టుకోవచ్చునంటివి. పొద్దుగాలనుంచి చూస్తున్న. ఎంతకూ తెరుచుకుంట లేదు. సుడి తిరుగుతనే ఉన్నది."

"ఎక్కడినుంచి చూస్తున్నావు బాపూ?"

"రోడ్డు మీదికి వచ్చిన. ఇంట్ల సిగ్నలు లేదు."

ఆమె తల్లికి గుండె జబ్బు. మూడు నెలలకు ఒకసారి వరంగల్లులో వైద్యునికి చూపించాలి. ముందుగా నంబరు తీసుకోకుండా పోతే ఒక్కొక్కసారి ఆ పూట కాదు, మరునాడు రమ్మంటారు. మద్దేడునుంచి పోయేవారికి ఆ మరునాడు అన్న మాటకు అర్థం వేరు: సత్రంలో ఒక రాత్రి, హోటలు భోజనం, మూసి ఉన్న దుకాణం. ఆ బాధ తప్పించటానికే ఆసుపత్రివారు వెబ్‌సైటు పెట్టుకొన్నారు. దానిని తయారుచేసిన బృందంలో కూతురు ఉన్నదని తెలిసినప్పుడు ఆ తండ్రి దుకాణానికి వచ్చినవారందరికీ చెప్పుకొన్నాడు.

ఆమె తన ఫోనులో ఆ పుట తెరవబోయింది. సరిగా అప్పుడే సభాభవనంలోని నెట్‌వర్కు పడిపోయింది. వందల మంది ఒకేసారి భోజనానికి లేచి, ఒకేసారి ఫోన్లు తీస్తే జరిగేదే అది. చుట్టూ విసుగు మాటలు వినిపించాయి. "రెండు నిమిషాలనుంచి ఇంతే! ఇదేం ఏర్పాటు?" అని పక్కనున్న యువకుడు రుసరుసలాడాడు. ఆమె తన ఫోను వంక చూసింది. తెరమీద సుడి తిరుగుతున్నది. మద్దేడు రోడ్డుమీద తండ్రి చూస్తున్న సుడి అదే.

ఆమె పళ్ళెం పక్కన పెట్టి, కాగితం రుమాలు మీద లెక్క వేసింది. ఆసుపత్రి మొదటి పుట మొత్తం బరువు మూడు మెగాబైట్లు. అంటే సుమారు ఇరవై నాలుగు వేల కిలోబిట్లు. సిగ్నలు సన్నగిల్లిన చోట పాత టూజీ పద్ధతిలో సెకనుకు నలభై కిలోబిట్లు అందుతాయనుకొన్నా, మొత్తం దిగిరావటానికి ఆరువందల సెకండ్లు కావాలి. పది నిమిషాలు. ఈ నడుమ ఒక్కసారి సిగ్నలు తెగితే మళ్ళీ మొదటికి.

ఆ మూడు మెగాబైట్లలో రెండు మెగాబైట్లు ఒకే ఒక్క ఛాయాచిత్రానివి. ఆసుపత్రి భవనం, ముందు పూలమొక్కలు, నీలాకాశం. పుట తెరవగానే నిండుగా కనబడాలని దానిని అక్కడ అమర్చింది ఆమే. బాగున్నదని ఆనాడు అందరూ మెచ్చుకొన్నారు.

*

మాటల బరువు ఎంత తక్కువో, బొమ్మల బరువు ఎంత ఎక్కువో సామాన్య పాఠకులకు తెలియటం మంచిది. కంప్యూటరు ఒక ఇంగ్లీషు అక్షరాన్ని సాధారణంగా ఒక బైటులో దాచుకొంటుంది. తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి. "తెలుగు" అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిసి ఆరు సంకేతాలు, అంటే పద్దెనిమిది బైట్లు. ఇది చూసి తెలుగు బరువైన భాష అనుకొనేవారున్నారు. కాని రెండువేల మాటల తెలుగు వ్యాసం మొత్తం యాభై కిలోబైట్లకు అటూ ఇటూగా సరిపోతుంది. ఆ పూలమొక్కల చిత్రం ఒక్కటీ అటువంటి వ్యాసాలు నలభైతో సమానం. పుటను బరువెక్కించేది భాష కాదు, అలంకారం.

ఇంకొక సంగతి. వేగాన్ని కావాలని తగ్గించి, బలహీనమైన సిగ్నలులో పుట ఎలా తెరుచుకొంటుందో పరీక్షించే సదుపాయం ఈ పనివారు నిత్యం వాడే బ్రౌజర్లలోనే ఉన్నది. ఒక్క మీట నొక్కితే చాలు. రెండేళ్ళలో ఆ బృందంలో ఎవరూ ఆ మీట నొక్కలేదు. కార్యాలయంలో పుట రెప్పపాటులో తెరుచుకొనేది. రెప్పపాటులో తెరుచుకొనేదానిని ఎవరు అనుమానిస్తారు?

*

ఇటువంటి సభలలో సాయంత్రం పూట ఒక ఆచారం ఉన్నది. ఎవరైనా సరే, ముందు పేరు ఇచ్చి, అయిదే అయిదు నిమిషాలు మాట్లాడవచ్చు. గంట కొట్టగానే దిగిపోవాలి. సాధారణంగా కొత్త పనిముట్లను గురించి, చమత్కారమైన యుక్తులను గురించి చెబుతారు. ఆ అమ్మాయి వెళ్ళి తన పేరు ఇచ్చి వచ్చింది. బృందం పెద్ద కొంచెం కలవరపడ్డాడు. "ఏం మాట్లాడతావమ్మా? మన పని లోపం మనమే పదిమందిలో చెప్పుకోవటం ఎందుకు?" అన్నాడు.

"లోపం నాది సార్. ఆ బొమ్మ పెట్టింది నేను. ఆసుపత్రి పేరుగాని, మన సంస్థ పేరుగాని చెప్పను" అన్నది. ఆయన మరి మాట్లాడలేదు.

వేదిక ఎక్కిన తరువాత ఆమె తెరమీద ఏమీ చూపించలేదు. మద్దేడు ఎక్కడున్నదో రెండు మాటలలో చెప్పింది. కాగితం రుమాలు మీది లెక్క చదివింది. తరువాత, "మధ్యాహ్నం ఇక్కడ నెట్‌వర్కు పది నిమిషాలు పోయింది. మీరందరూ కోప్పడ్డారు. మా నాన్న కోప్పడలేదు. తనకు ఫోను వాడటం రాదేమోనని అనుకొన్నాడు" అన్నది. ఒక్క క్షణం సభ నిశ్శబ్దమయింది. గంట కొట్టకముందే ఆమె దిగివచ్చింది.

వరండాలో ఆమెను వెతుక్కొంటూ ఒక పెద్దమనిషి వచ్చాడు. జుట్టు నెరిసిన ఇంజనీరు. బస్తర్ పేరు విని వచ్చానన్నాడు. ఆమెకు తెలియని తన ప్రాంతపు కథ ఒకటి ఆయన చెప్పాడు. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌదరి అనే పాత్రికేయుడు 2010లో "సీజీనెట్ స్వర" అనే పద్ధతి ప్రారంభించాడు. దానికి ఇంటర్నెట్ ఉన్న ఫోను అవసరం లేదు. మామూలు ఫోనుతో ఒక నంబరుకు పిలిస్తే చాలు. తమ ఊరి సంగతిని తమ భాషలో, గోండీలోనైనా సరే, చెప్పి రికార్డు చేయవచ్చు. సరిచూసిన తరువాత ఇతరులు అదే నంబరుకు పిలిచి వినవచ్చు. చేతిపంపు చెడిపోయిందని, కూలి డబ్బు రాలేదని, బడికి పంతులు రావటంలేదని మారుమూలల మనుషులు చెప్పిన మాటలు అధికారులదాకా పోయాయి. దాని సాంకేతిక నిర్మాణంలో బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలవారు చేయి కలిపారు.

"2011 జనాభా లెక్కలలో గోండీ మాట్లాడేవారు సుమారు ముప్ఫై లక్షలు. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో దొరికిన గోండీ లిపికి ఈ జూన్‌లోనే యూనికోడులో స్థానం దొరికింది. తెలుగుకు 1991లోనే దొరికింది. ఇరవై ఏడేళ్ళ తేడా! అంతదాకా వారు లిపికోసం కనిపెట్టుకొని ఉండాలా? అందుకే గొంతును నమ్ముకొన్నారు" అన్నాడాయన. వెళ్ళబోతూ ఆగి, "మీ నాన్నగారికి తెలుగు చదవటం వచ్చునా అమ్మా?" అని అడిగాడు.

ఆమె ఉలిక్కిపడింది. ఆ పుటలో ఉన్నవి తెలుగు, ఇంగ్లీషు మాత్రమే. పది నిమిషాలు ఓపిక పట్టి తెరిచినా తండ్రి దానిని చదవలేడు. బరువును గురించి లెక్క వేసిన తనకు ఈ సంగతి తోచనే లేదు. గోదావరి దాటి ఆ ఆసుపత్రికి వచ్చే రోగులలో తెలుగు మాట్లాడుతూ, హిందీ మాత్రమే చదవగలిగినవారు ఎందరో ఉంటారు. వారి ఇంట పుట్టిన మనిషే వారిని మరచిపోయింది.

*

సోమవారం ఉదయం బృందం పెద్ద ఆమెను పిలిచి, తన చిన్న పుస్తకంలో రాసుకొన్న వాక్యం చూపించాడు. తెలియనివాడిని ఊహించుకోలేకపోవటం. "తెలిసినవాడిని కూడ ఊహించుకోలేమని కొట్టివేసి రాయాలి" అన్నాడు నవ్వుతూ. తరువాత ముగ్గురి వంక తిరిగి, ఆ వారం కొత్త పని ఏదీ ముట్టవద్దన్నాడు.

పని వినటానికి తేలిక, చేయటానికి కాదు. ప్రతి అలంకారానికీ వెనుక ఎవరో ఒకరి ముచ్చట ఉంటుంది. చిత్రం తొలగించటానికి ఆసుపత్రివారు మొదట ఒప్పుకోలేదు. భవనం కనబడకపోతే పేషంట్లకు నమ్మకం ఎలా కలుగుతుందన్నారు. బృందం పెద్ద వారి చేతికి ఒక ఫోను ఇచ్చి, దాని వేగం తగ్గించి, పుట తెరవమన్నాడు. మూడు నిమిషాలు చూసి వారు ఫోను తిరిగి ఇచ్చేశారు. మూడు రకాల ఖతుల స్థానంలో ఫోనులో ముందే ఉండే అక్షరాలు వచ్చాయి. ఎవరూ వాడని హంగులు పోయాయి. హిందీ చేరింది. అన్నిటికంటె పైన, మరేదీ రాకముందే కనబడేటట్టు, ఆసుపత్రి టెలిఫోను నంబరు పెట్టారు. పుట పూర్తిగా తెరుచుకోకపోయినా దాన్ని నొక్కితే మనిషి పలుకుతాడు. ఆ ఆలోచన వరండాలో దొరికినది.

వారం చివరకు పుట బరువు నూట యాభై కిలోబైట్లకు దిగింది. అదే లెక్క ప్రకారం పది నిమిషాల పని అరనిమిషం.

ఆదివారం నాడు ఆమె తండ్రికి ఫోను చేసి, మళ్ళీ ఒకసారి చూడమన్నది. ఆయన రోడ్డు మీదికి పోయినట్టున్నాడు. లారీ చప్పుడు వినిపించింది. ఆమె గడియారం వంక చూస్తూ కూర్చున్నది. అరనిమిషం దాటింది. ముప్పావు నిమిషం అయింది.

"వచ్చింది బిడ్డా. హిందీల ఉన్నది" అన్నాడాయన. తేదీ ఎన్నుకొన్నాడు. తల్లి పేరు, వయస్సు ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతూ నింపాడు. బుధవారానికి నంబరు దొరికింది. ఆమె కళ్ళు తుడుచుకొన్నది.

అవతల ఆయన ఇంకా ఫోను పెట్టలేదు. ఏదో వెతుకుతున్నట్టున్నాడు.

"మరి దవాఖాన బొమ్మ ఏది బిడ్డా? నువ్వు పెట్టినవంటివి గద. అమ్మకు చూపిద్దామనుకున్న."

మరునాడు కార్యాలయానికి పోగానే ఆమె ఆ చిత్రాన్ని బాగా చిన్నదిగా చేసి, పుట అట్టడుగున ఒక మాట కింద దాచిపెట్టింది. కావలసినవారు నొక్కితేనే వస్తుంది. మద్దేడులో దానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసి, పక్కనే హిందీలోను, తెలుగులోను రాసింది: "బొమ్మ రావటానికి పది సెకండ్లు పట్టవచ్చు."